సుస్థిరాభివృద్ధి సూచికలను ప్రభుత్వ విధానాల దాకా తీసుకెళ్లడం ఎలా? వరంగల్ వైపు ఉదాహరణలతో

నీతి ఆయోగ్ సుస్థిరాభివృద్ధి సూచీ (పేదరికం, ఆరోగ్యం, నీళ్లు లాంటి వాటి మీద రాష్ట్రాలకు మార్కులు వేసే పట్టిక) వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే చర్చ: మన రాష్ట్రం ఎన్నో ర్యాంకు, పక్క రాష్ట్రం ఎన్నో ర్యాంకు. 2018లో మొదటిసారి లెక్కగట్టినప్పుడు దేశానికి 100కి 57 వచ్చింది, 2023-24 సూచీలో 71 వచ్చింది. రెండు రోజులు మాట్లాడుకుంటాం, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడతాం. ఆ సంఖ్యను చూసి ఏ పథకం మారింది, ఏ పద్దుకు డబ్బు పెరిగింది అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇది ఆ ప్రశ్న అడగాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను: కాకతీయ యూనివర్సిటీలో ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు, సంఘాల్లో పనిచేసేవాళ్లు, లోకల్ రిపోర్టర్లు, వార్డు మెంబర్లు, మండలాఫీసుల్లో లెక్కలు రాస్తూ అవి ఎటు పోతాయో తెలియని ఉద్యోగులు.

ముందు నిర్ణయం రాసుకోండి

చాలామంది డేటా డౌన్‌లోడ్ చేసి, గ్రాఫులు గీసి, ఆ తర్వాత "దీంతో ఏం చెప్పాలి" అని ఆలోచిస్తారు. దీన్ని తిరగేయాలి. ఏ నిర్ణయం మారాలని మీరు కోరుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో, వాళ్లు దాన్ని ఎప్పుడు తీసుకుంటారో దాని కిందే రాయండి. ఈ మూడూ రాశాక, ఆ మనిషి ముందు పెట్టడానికి పనికొచ్చే సంఖ్య ఏదో వెతకండి.

ఒక మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 9 జిల్లాలనే తీసుకుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, భూపాలపల్లి, ములుగు, కొత్తగూడెం వాటిలో ఉన్నాయి. రక్తహీనత ఎక్కువగా ఉన్న జిల్లాలని వాటిని ఎంచుకున్నారు. ఇక్కడ తేల్చాల్సిన విషయం "ముందు ఎక్కడ ఇవ్వాలి" అన్నది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది, ఆ సంఖ్య ఎంత భయంకరంగా ఉన్నా ముందు ఎక్కడికి వెళ్లాలో చెప్పదు. జిల్లాలవారీ అంకె చెబుతుంది. రాష్ట్ర సగటుతో ఉపన్యాసం ఇవ్వొచ్చు గానీ, కిట్ల లారీని ఎటు పంపాలో తేల్చుకోలేం.

సూచికకు యజమాని ఎవరో కనుక్కోండి

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్నవి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు. మన దేశంలో వాటికి కొలతలు నిర్ణయించే పని కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖది. 2018లో అది జాతీయ సూచికల చట్రం తెచ్చినప్పుడు అందులో 306 సూచికలు ఉండేవి, తర్వాత కొన్ని తీశారు, కొన్ని కలిపారు. ప్రతి సూచిక పక్కన డేటా ఏ సర్వే నుంచి వస్తుంది, ఏ మంత్రిత్వ శాఖ ఇస్తుంది, ఎన్నాళ్లకొకసారి వస్తుంది అని రాసి ఉంటుంది. మీకు కావాల్సింది ఆ పట్టికే. ఏటా జూన్ 29న, గణాంక దినోత్సవం రోజున, దీని ప్రగతి నివేదిక వస్తుంది.

నీతి ఆయోగ్ సూచీ వేరు. అది ఈ పెద్ద జాబితాలోంచి కొన్నిటిని తీసుకుని (2023-24లో 113) రాష్ట్రాలకు మార్కులు వేస్తుంది. ఈ రెండిటినీ కలగలిపి మాట్లాడొద్దు, ఎందుకంటే ఒక కొలత మార్చమని అడగాలంటే గణాంక శాఖకూ ఆ సూచిక ఇచ్చే మంత్రిత్వ శాఖకూ రాయాలి, ఒక పథకం మార్చమంటే పథకం నడిపే శాఖకు రాయాలి. తప్పు తలుపు తడితే మీ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది.

మార్కులు ఎలా పడతాయో కూడా తెలిసి ఉండాలి. ఒక సూచికలో దేశంలో అందరికంటే వెనకబడ్డ విలువ 40, చేరాల్సిన లక్ష్యం 100, మనది 85 అనుకోండి (ఇవి ఊహించిన అంకెలు). 85లోంచి 40 తీస్తే 45, 100లోంచి 40 తీస్తే 60, 45ను 60తో భాగించి వందతో హెచ్చిస్తే 75 మార్కులు. ఒక లక్ష్యం కింద ఉన్న సూచికలన్నిటికీ సగటు తీస్తే ఆ లక్ష్యం స్కోరు, లెక్కలోకి తీసుకునే లక్ష్యాలకు మళ్లీ సగటు తీస్తే రాష్ట్రం స్కోరు. సగటు అంటే ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో పూడుతుందనే కదా. కరెంటు కనెక్షన్లలో వచ్చిన మార్కులు పిల్లల ఎదుగుదల లోపాన్ని కప్పేయగలవు. అందుకే మొత్తం స్కోరుతో వాదన మొదలుపెట్టకండి, ఆ స్కోరు వెనకున్న ఒక్క సూచికను బయటికి లాగి దాని మీదే నిలబడండి.

జాగ్రత్తగా చదవాల్సిన మూడు: నిర్వచనం, హద్దు, తేదీ

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టాలి, ఎక్కువ వాదనలు ఓడిపోయేది ఇక్కడే.

నిర్వచనం సంగతి చూద్దాం. ఇంటింటికీ నల్లా ఇచ్చే కేంద్ర పథకం జల్‌జీవన్ మిషన్ లెక్కల్లో తెలంగాణ గ్రామాల్లో నల్లా లేని ఇల్లు లేదు, 100 శాతం. మిషన్ భగీరథ పైపులు నిజంగానే ఊరూరికీ వచ్చాయి, అది చిన్న విషయం కాదు, నీళ్ల కోసం బిందెలతో నడిచిన తరం మన ఇళ్లల్లోనే ఉంది. అయితే అదే జల్‌జీవన్ మిషన్ "పనిచేసే కనెక్షన్" అనడానికి పెట్టుకున్న నిర్వచనం ఇంకా పెద్దది: మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు, తాగడానికి నిర్ణయించిన నాణ్యతతో, క్రమం తప్పకుండా రావాలి. చాలా ఊళ్లలో నల్లా ఉన్నా తాగడానికి ప్యూరిఫైడ్ వాటర్ క్యాన్ తెచ్చుకుంటున్నారు. ఇలాంటిచోట మీరు "100 శాతం అబద్ధం" అని రాస్తే అధికారి కనెక్షన్ల జాబితా చూపించి పంపేస్తారు, న్యాయంగా ఆయన చెప్పేదీ తప్పు కాదు. "కనెక్షన్లు 100 శాతం, నిర్వచనంలోని మూడు షరతుల్లో నాణ్యత మీద నమ్మకం లేదు, గత ఏడాది మా ఆవాసంలో నీటి పరీక్షలు ఎన్ని చేశారు, ఫలితాలేంటి" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

అడవి ఇంకో ఉదాహరణ. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో ఒక హెక్టారు పైన ఉండి, చెట్ల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణమే. నేల ఎవరిదైనా, చెట్లు ఏవైనా. యూకలిప్టస్ తోటా, ఏటూరునాగారం అడవీ ఆ పెద్ద అంకెలో పక్కపక్కనే కూర్చుంటాయి. అడవి పెరిగిందా తగ్గిందా అని అడిగేముందు దట్టమైన అడవి ఎంత (40 శాతం పైన నీడ), పల్చని అడవి ఎంత అని విడదీసి చూడండి. తేదీ కూడా చూడండి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలివాన వేల చెట్లను నేలకూల్చింది. 2023 అటవీ నివేదిక విడుదలైంది 2024 డిసెంబరులో. కానీ అందులో వాడిన ఉపగ్రహ చిత్రాలు ఆ గాలివానకు చాలా ముందువి, కాబట్టి ఆ నివేదిక చూపించి తాడ్వాయికి ఏమీ కాలేదని ఎవరైనా అంటే తేదీ చూపించండి చాలు.

హద్దుల సంగతి మన వరంగల్ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకపోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో వరంగల్ ఒకటే జిల్లా. 2015-16 ఆరోగ్య సర్వే కూడా ఆ పాత జిల్లాకే జరిగింది. 2016 అక్టోబరులో అది వరంగల్ అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయింది. 2019లో ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. పేరొక్కటే మారిందనుకుంటే పొరపాటే: ఖిలా వరంగల్ వైపు మండలాలు కొత్త వరంగల్‌కు వచ్చాయి, పరకాల, దామెర, శాయంపేట హన్మకొండకు పోయాయి. 2019-21 సర్వే పాత అర్బన్, రూరల్ హద్దుల మీద ఉంది. కాబట్టి "వరంగల్‌లో 2011 నుంచి ఇప్పటిదాకా" అని ఒక గీత గీసి ఎవరైనా చూపిస్తే ఆ గీతలో మూడు వేర్వేరు వరంగల్‌లు ఉన్నాయి. మండలాలవారీ డేటా దొరికితే ఇప్పటి హద్దులకు తగ్గట్టు మీరే కూడుకోండి. దొరకకపోతే పాత ఉమ్మడి జిల్లా మొత్తానికే పోల్చి, ఆ మాట పైనే రాసేయండి. హారం (భాగించడానికి వాడే జనాభా అంకె) కూడా అంతే, తలసరి లెక్కలన్నీ ఇప్పటికీ 2011 జనాభా మీద వేసిన అంచనాలే. తర్వాతి జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1, అది వచ్చాక చాలా శాతాలు ఒక్కసారిగా జరుగుతాయి, అప్పుడు కంగారు పడకండి.

ఆరోగ్య సర్వే జిల్లా ఫ్యాక్ట్ షీట్ చదివేటప్పుడు ఇంకో చిన్న విషయం. జిల్లాకు సగటున 900 ఇళ్లు మాత్రమే సర్వే చేస్తారు. అందులో అయిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లు ఇంకా తక్కువ. బ్రాకెట్లో ఉన్న అంకె 25 నుంచి 49 మంది మీద తీసింది, నక్షత్రం గుర్తు (*) ఉంటే 25 మంది కూడా లేరని ఇవ్వలేదు. నాలుగైదు పాయింట్లు తగ్గిందనో పెరిగిందనో జిల్లా స్థాయిలో హెడ్డింగ్ పెట్టేముందు అది శాంపిల్ తేడా కావచ్చని గుర్తుపెట్టుకోండి.

ఒంటరి సూచికను నమ్మకండి, జంట వెతకండి

ఏ సూచికైనా లక్ష్యంగా మారగానే దాని చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ అంకెనే పెంచుతారు. అందుకే పక్కన దాన్ని కాపలా కాసే ఇంకో అంకె ఉండాలి. ఉత్తర తెలంగాణలో ఆసుపత్రి కాన్పుల కంటే దీనికి పెద్ద ఉదాహరణ నాకు కనిపించలేదు.

అయిదో విడత సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, దేశ సగటు 88.6. ప్రసూతి మరణాలు 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు 43, దేశంలో 97, ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యం 70 లోపు. స్కోరు షీట్ మీద ఇవి చూస్తే అంతా పచ్చగా ఉంటుంది. అదే సర్వేలో ఇంకో వరుస కిందికి రండి: పెద్దాపరేషన్‌తో అయిన కాన్పులు తెలంగాణలో 60.7 శాతం. దేశంలో 21.5. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన ఇళ్లల్లో ముహూర్తం చూసి కోయించుకున్న కాన్పులు ఎన్ని, రెండో కాన్పుకు ఇంకో దారి లేదని చెప్పించుకున్న ఆడపిల్లలు ఎంతమంది, మీకు తెలిసిన పేర్లే గుర్తొస్తాయి. ఆ కోత బాధ జీవితాంతం మోసేది వాళ్లు.

జంట అంకె పెట్టగానే చేయాల్సిన పని కూడా మారిపోవడం చూడండి. ఆసుపత్రి కాన్పులు ఒక్కటే చూస్తే "ఇంకా 3 శాతం మిగిలింది, గూడేలకు అంబులెన్సులు పెంచండి" అంటాం, అదీ అవసరమే. సిజేరియన్ అంకెను ప్రైవేటు, ప్రభుత్వ ఆసుపత్రులుగా విడదీస్తే (ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వంలో 44.5) అడగాల్సినవి వేరే తేలతాయి: ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రతి ఆపరేషన్‌కు కారణం రాసి ఆడిట్ చేయడం, ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పు చేయించడానికి ఓపికున్న, శిక్షణ ఉన్న మిడ్‌వైఫ్‌లను పెంచడం. తెలంగాణలో 2017లో నర్సులకు ఈ శిక్షణ మొదలైంది, 2018 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. జాతీయ సూచీలో ఆసుపత్రి కాన్పుల పక్కన సిజేరియన్ శాతాన్ని కూడా చేర్చాలని అడగడానికి తెలంగాణ కంటే అర్హత ఉన్న రాష్ట్రం లేదని నా అభిప్రాయం.

ఇదే పద్ధతి మరుగుదొడ్లకు. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన రహితమని ప్రకటించారు. ఆ ప్రకటనకు కొంచెం ముందూ వెనకా జరిగిన అయిదో విడత ఆరోగ్య సర్వేలో వేరేవాళ్లతో పంచుకోని మెరుగైన మరుగుదొడ్డి వాడే ఇళ్లవాళ్లు గ్రామాల్లో 64.9 శాతం. కట్టినవి ఒకటి, వాడేవి ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే రిపేర్లకు, నీళ్లకు, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయడానికి డబ్బు కావాలని తెలుస్తుంది.

చెరువులకూ అంతే. పూడిక తీసిన చెరువుల సంఖ్య పని ఎంత జరిగిందో చెబుతుంది, ఫలితం చెప్పదు. ఫలితం కావాలంటే చుట్టుపక్కల భూగర్భజల మట్టం చూడాలి. దాన్ని కూడా మే నెలను మే నెలతోనే పోల్చాలి, పక్కన ఆ ఏడాది వాన ఎంతో రాయాలి, లేకపోతే మంచి వాన పడ్డ ఏడాది పుణ్యం అంతా పొక్లెయిన్‌కు పోతుంది. మండలం ఏ స్థితిలో ఉందో చెప్పడానికి కేంద్ర భూగర్భజల మండలి వాడే కొలత సులువు: ఏటా తోడుకోదగ్గ నీళ్లలో ఎంత శాతం తోడుతున్నాం. 70 లోపు ఉంటే క్షేమం, 90 దాటితే ప్రమాదం, 100 దాటితే అతిగా తోడుతున్నట్టు. బోరు వేసే ప్రతి రైతుకూ అర్థమయ్యే సూచిక ఇది, గ్రామసభలో గోడ మీద రాయించండి.

ఊరి లెక్కను వదలకండి

జాతీయ అంకెలు పుట్టేది పంచాయతీ కార్యదర్శి, అంగన్‌వాడీ టీచర్, ఆశా, ఏఎన్ఎం ఫోన్లలోనే. 2025 ఏప్రిల్లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పంచాయతీ ప్రగతి సూచీ విడుదల చేసింది. 2022-23 డేటాతో 2.16 లక్షల పంచాయతీలకు, పేదరికం, ఆరోగ్యం, పిల్లలు, నీళ్లు, పచ్చదనం, మహిళలు లాంటి 9 అంశాల మీద స్కోర్లు ఇచ్చారు. దేశం మొత్తం మీద 75 దాటిన పంచాయతీలు 699, అందులో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. 90 దాటింది ఒక్కటీ లేదు. మీ ఊరి స్కోరు షీట్ ప్రింటు తీసి, మీకు నేరుగా తెలిసిన అంశాలను సరిచూడండి: అంగన్‌వాడీలో మరుగుదొడ్డి ఉందా, బడిలో నీళ్లున్నాయా. తప్పు దొరికితే గ్రామసభ తీర్మానంలో రాయించండి. అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాదికి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ మొదలవుతుంది, తక్కువ స్కోరు ఉన్న అంశానికి ఆ ప్రణాళికలో పని పెట్టించడమే ఇక్కడ సూచికను వాడడం.

నార్నూర్, తిర్యాణి, గంగారం, కన్నాయిగూడెం వైపు వాళ్లకు ఇంకో అవకాశం ఉంది. ఇవి 2023లో కేంద్రం మొదలుపెట్టిన ఆకాంక్షిత బ్లాకుల్లో (వెనకబడ్డాయని ప్రత్యేకంగా చూసే మండలాలు) ఉన్నాయి, 40 సూచికల మీద వీటిని గమనిస్తుంటారు. గమనిస్తున్న చోట అడిగిన దానికి విలువెక్కువ.

రాష్ట్ర సగటులో ఊరు ఎలా మాయమవుతుందో కూడా చెప్పాలి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. వాతావరణ విపత్తుల సూచిక కోటి జనాభాకు ఎన్ని మరణాలని కొలుస్తుంది. ఇళ్లు, పశువులు, విత్తనాలు పోయిన ఊరు ఆ లెక్కలో కనబడనే కనబడదు. అలాంటి నష్టం జిల్లా స్థాయిలో నమోదయ్యేలా కొలత అడగడం కూడా విధానానికి సంబంధించిన పనే.

ఢిల్లీ దాకా

అంకె నిజంగా డబ్బును కదిలించే చోటు చూడాలంటే ఆర్థిక సంఘం చూడండి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలు పంచేటప్పుడు అడవికి 10 శాతం వెయిటేజీ ఇచ్చింది, అంతకుముందు 7.5 ఉండేది. అందులో లెక్కకొచ్చింది దట్టమైన అడవే. ఆదాయ వ్యత్యాసానికి 45, 2011 జనాభాకు 15, విస్తీర్ణానికి 15, జనాభా నియంత్రణకు 12.5, పన్నుల వసూలుకు 2.5. ఈ సూత్రంతో తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102 శాతానికి తగ్గింది. ములుగులో అడవి నిలబడితే రాష్ట్రానికి కొంత వస్తుంది, కానీ ఆ వచ్చినదాంట్లో ములుగుకు ఎంత అన్నది ఏ సూత్రమూ చెప్పదు. ఇది రాష్ట్ర ఆర్థిక సంఘం ముందు పెట్టాల్సిన డిమాండ్, అడవి జిల్లాల వాళ్లు గట్టిగా పెట్టాలి.

మీ వాదనను ఒక్క పేజీలో పెట్టండి. పైన మీరడిగే నిర్ణయం, దాని కింద సూచిక పేరు, దాని అధికారిక నిర్వచనం, సర్వే పేరూ సంవత్సరంతో సహా విలువ, దాని జంట అంకె, హద్దులు మారితే ఆ సంగతి, చివర్లో ఏ పథకంలో ఏ నిబంధన ఎలా మారాలో. గ్రాఫు ఒక్కటి చాలు. ఏదైనా అంకె దొరక్కపోతే ముందు జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో అడగండి, మర్యాదగా అడిగితే చాలాసార్లు ఇస్తారు. ఇవ్వకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల గడువు.

ఆ పేజీ పట్టుకుని ఎంపీ దగ్గరికి వెళ్లండి. కేంద్ర పథకాలను సమీక్షించే జిల్లా దిశ కమిటీకి అధ్యక్షత ఎంపీదే. ములుగు వాళ్లు మహబూబాబాద్ ఎంపీని, భూపాలపల్లి నియోజకవర్గం వాళ్లు వరంగల్ ఎంపీని కలవాలి. దిశ సమావేశం ఎజెండాలో మీ సూచిక పేరు పెట్టించండి. పార్లమెంటు సమావేశాలకు ముందు ప్రశ్న రాసి ఇవ్వండి, నోటీసుకు కనీసం 15 రోజులు కావాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే కదలాలి. ప్రశ్నలో "చర్యలు తీసుకుంటున్నారా" అని అడిగితే "తీసుకుంటున్నాం" అని వస్తుంది. జిల్లాలవారీ అంకె, సంవత్సరం, ప్రైవేటు ప్రభుత్వ తేడా అడగండి. బడ్జెట్ మీద ప్రభావం చూపాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే సంబంధిత మంత్రిత్వ శాఖకు పంపాలి, జనవరిలో పంపిన వినతిపత్రం ఆ ఏటికి ఆలస్యమైనట్టే.

జవాబు లోక్‌సభ వెబ్‌సైట్లో ఎవరైనా చదవొచ్చు. అందులో ఇచ్చిన అంకెను అసలు సర్వేతో సరిచూడండి. పాత సంవత్సరానిది ఇచ్చినా, జిల్లా అడిగితే రాష్ట్రం ఇచ్చినా, ఆ ప్రశ్న నంబరు, తేదీ రాసి పెట్టుకుని తర్వాతి సమావేశాలకు దాన్నే ప్రస్తావిస్తూ కొత్త ప్రశ్న తయారుచేసి ఎంపీ ఆఫీసుకు పంపండి.